ఐదు వాక్యాల్లో వరద

ముక్కంటిపాలెం రేవుకి గోదావరి వరద ఏటా వస్తుంది. అధ్యయనం మాత్రం ఆ ఏడే మొదటిసారి వచ్చింది.

వరద వచ్చేముందు ఎగువ నుంచి కబురు వస్తుంది. అధ్యయనానికి ఆ మర్యాద కూడా లేదు. ఒక వేసవి ఉదయం ఇద్దరు మనుషులు మెడల్లో గుర్తింపు కార్డులతో, చేతుల్లో ట్యాబులతో రేవు దగ్గర టీకొట్టు ముందు దిగారు. విపత్తులొచ్చినప్పుడు ఎవరు సాయానికి ముందుకొస్తారు, ఎవరు రారు, దానికీ వాళ్ళు చదివిన చదువుకీ ఏమైనా లంకె ఉందా అని కనుక్కోవడం వాళ్ళ పని.

సంగాడి తాతబ్బాయి అప్పుడే తన నావ ముక్కుకి పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, గోదావరి తల్లికి దణ్ణం పెట్టుకుని గట్టెక్కాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. మూడో తరగతిలో ఉండగా ఎక్కాల పుస్తకం ఏట్లో పడిపోతే దాని కోసం దూకాడు. పుస్తకం దొరకలేదు గాని ఈత దొరికింది. ఆ తరవాత బడి వైపు వెళ్ళలేదు.

"వరద సమయంలో స్వచ్ఛంద సేవ చేయడానికి మీరు ఏ మేరకు సంసిద్ధులు?" అని అడిగాడు ట్యాబు పట్టుకున్నాయన. "పూర్తిగానా, చాలావరకా, కొంతవరకా, అసలు లేదా?"

"సేవంటే కార్తీకమాసంలో రామాలయంలో చేత్తామండి. మెట్లు కడుగుతాం, దీపాలు పెడతాం."

"అది కాదండీ. వరదలో. పోయినేడు వరద సహాయంలో ఎన్ని గంటలు సేవ చేశారు?"

తాతబ్బాయి ఆలోచించాడు. చేయని సేవ చేశానని చెప్పుకుంటే దేవుడు ఒప్పుకోడని అతని నమ్మకం. "సేవేం లేదండి. ఏటి మధ్య గవ్వలంకలో మా అక్కుంది. నీళ్ళొత్తే ఎల్లి తీసుకొచ్చాను, అంతే."

"అక్కని మాత్రమేనా?"

"అక్క ఒక్కత్తే ఎలా వత్తదండీ? లంకంతా వచ్చింది."

ట్యాబు మనిషి తన జతగాడి వంక చూశాడు. జతగాడు సూచనల కాగితం తిరగేసి, "బంధువులకు చేసింది సేవ కింద రాదు" అన్నాడు. "అక్క కదా. సున్నా వేసెయ్."

రేవులో పడవలవాళ్ళు మొత్తం పదకొండు మంది. ఒకడికి లంకలో బావమరిది ఉన్నాడు, ఒకడికి వియ్యంకుడు. ఎవరూ లేనివాడు, "నాకెవరూ లేరండి, ఈళ్ళంతా ఎల్తుంటే ఒడ్డునుండి ఏంచెయ్యను?" అన్నాడు. అది తోటివాళ్ళ ఒత్తిడి కింద వచ్చింది. పదకొండు మందికీ సున్నాలు పడ్డాయి.

మధ్యాహ్నం వాళ్ళు ఊళ్ళో భాస్కరం గారి ఇంటికి వెళ్ళారు. భాస్కరం గారు ఎమ్మెస్సీ. మండల కేంద్రంలో కాలేజీ లెక్చరరు. నెమ్మదస్తుడు, ఎదుటివాడు బాధపడితే తాను కళ్ళనీళ్ళు పెట్టుకునే రకం. ప్రశ్న పూర్తికాకముందే, "పూర్తిగా సంసిద్ధుణ్ణి" అన్నాడు. ఎన్ని గంటలంటే, పోయినేడు వరద సహాయం మీద జరిగిన సభలో రెండు గంటలు కూర్చున్నానన్నాడు. రెండు గంటలూ నమోదయ్యాయి.

నెల తిరక్కుండా నివేదిక వచ్చింది. దాని సారం అందరికీ అర్థమయ్యేటట్టే ఉంది. మనిషి ఒక్కో తరగతి పైకి చదివేకొద్దీ విపత్తులో సాయం చేయాలన్న సంసిద్ధత ఆరున్నర శాతం చొప్పున పెరుగుతుంది. ఐదో తరగతికి దిగువన ఉన్నవాళ్ళలో అది బొత్తిగా శూన్యం. రేవు పేరు కూడా అందులో ఉంది, శూన్యానికి ఉదాహరణగా.

*

ఈ నివేదిక చదివి చలించిపోయినవారు విపత్తు సంసిద్ధత ప్రత్యేకాధికారి సుదర్శనరావు గారు. ఆయన మండల కార్యాలయంలో సభ పెట్టించి, పడవలవాళ్ళని ముందు వరసలో కూర్చోబెట్టించారు.

"మిత్రులారా, ఇన్నేళ్ళుగా ఈ యంత్రాంగం మీ పట్ల ఘోరమైన అపరాధం చేసింది" అని ఆయన గద్గదస్వరంతో మొదలుపెట్టారు. "మీకు సంసిద్ధత లేదు. అయినా ప్రతి వరదలోనూ మీ చేత పడవలు నడిపించాం. ఇష్టంలేని మనిషి చేత సేవ చేయించుట వెట్టిచాకిరీతో సమానం. ఇకమీదట అలా జరగనివ్వను."

తాతబ్బాయి లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అయ్యా, మాకిష్టం లేదని మేం అనలేదండి."

"మీరు అనలేదు. గణాంకాలు అన్నాయి."

"ఆయనెవరోగాని తప్పు చెప్పాడండి. మేం ఎల్తాం."

"వెళ్ళడం వేరు, సంసిద్ధత వేరు." సుదర్శనరావు గారు జాలిగా నవ్వారు. "సంసిద్ధత లేకుండా వెళ్ళేవాడు ఏ క్షణంలోనైనా వెళ్ళడం మానేయవచ్చు. సంసిద్ధత ఉన్నవాడు వెళ్ళకపోయినా సంసిద్ధుడే. ప్రభుత్వం దేని మీద ఆధారపడాలి?"

హాలంతా చప్పట్లు కొట్టింది. తాతబ్బాయి కూడా కొట్టాడు. పెద్దమనిషి అంత ఇదిగా మాట్లాడినప్పుడు కొట్టకపోతే బాగుండదని.

ఉత్తర్వులు వచ్చాయి. వరద సహాయంలో పాల్గొనేవారు కనీసం పదో తరగతి ప్యాసై ఉండాలి. పడవ తాడు విప్పడానికి పది, గెడకర్ర వెయ్యడానికి డిగ్రీ, పడవ ముందుభాగాన నిలబడి దిశానిర్దేశం చేయడానికి పీజీ. పదకొండు నావలకీ నీలం రేకులు కొట్టి, 'అర్హులకు మాత్రమే' అని రాసి, గొలుసులు వేసి, తాళంచెవులు చదువుకున్నవాళ్ళతో కొత్తగా కట్టిన భాస్కరం గారి దళానికి అప్పగించారు. దళానికి నారింజరంగు చొక్కాలు ఇచ్చారు. వాటి మీద పేరుకంటే పెద్ద అక్షరాలతో విద్యార్హత ఉంటుంది. తమను కాపాడుతున్నవారి చదువు తెలుసుకునే హక్కు బాధితులకు ఉందని ఉత్తర్వుల్లో ఒక పేరా.

వంటలకి కూడా ఇదే వర్తించింది. ప్రతి వరదకీ రామాలయం వెనక గాడిపొయ్యి తవ్వి మూడొందల మందికి పులిహోర కలిపేది తాతబ్బాయి భార్య సుభద్రమ్మ, ఆమె భజన జట్టు. ఆమెది రెండో తరగతి. అన్నం గరిటె పట్టడానికి ఇంటర్ కావాలన్నారు.

"పోనీ నేను పక్కన నిలబడి ఉప్పెంతో చెప్తానండి" అందామె.

"ఉప్పు సాంకేతిక అంశం" అన్నాడు వచ్చిన గుమాస్తా.

సుభద్రమ్మ ఆ గరిటె కడిగి, బొట్టు పెట్టి, దేవుడి గూట్లో పెట్టేసింది. "నీకే అప్పగించాను, రామయ్యా. నీ చదువేంటో ఆళ్ళింకా అడగలేదు" అని దణ్ణం పెట్టుకుంది.

*

సుదర్శనరావు గారు నిర్దయుడు కాదు. చదువుతో సంసిద్ధత పెరుగుతుంటే, చదువు లేనివాళ్ళకి చదువు చెప్పడమే మార్గం. కాబట్టి ఊళ్ళో హైస్కూల్లో 'సంసిద్ధతా విద్యాలయం' తెరిచారు. ఇరవై ఒక్క రోజులు బోధన, చివర పరీక్ష. ప్యాసైతే సంసిద్ధుడని కార్డు ఇస్తారు. అప్పుడు ఎవరి పడవ వాళ్ళు ముట్టుకోవచ్చు. పడవలవాళ్ళు ఏట్లో పని లేకుండా ఉండేది ఆషాఢ శ్రావణాల్లో కాబట్టి పాఠాలు అప్పుడే పెట్టారు. వరదొచ్చేదీ అప్పుడే అని ఎవరో అంటే, అందుకే విషయం తాజాగా ఉంటుందన్నారు.

హెడ్మాస్టరు కమలాకరం గారు వాళ్ళని తొమ్మిదో తరగతి గదిలో కూర్చోబెట్టాడు. బల్లల కింద మోకాళ్ళు పట్టక పదకొండు మందీ పక్కకి తిరిగి కూర్చున్నారు. రోజూ హాజరు పిలవడం, 'ఉన్నానండి' అనడం. రెండోరోజున తాతబ్బాయి చుట్ట దగ్గొచ్చి చెప్పకుండా బయటికి వెళ్తే, కమలాకరం గారు మొహమాటపడుతూనే ఆపాడు.

"తాతబ్బాయీ, చెప్పకుండా వెళ్ళకూడదయ్యా. నిబంధన. చిటికెనవేలు చూపించి, నేను తలూపాక వెళ్ళాలి."

"ఈ వయసులోనా మాస్టారూ?"

"నేనేం చేసేది? బళ్ళో ఎవరైనా సరే చిటికెనవేలు చూపిస్తే పంపాలి, చూపించకపోతే పంపకూడదు. పరీక్షలో కూడా అంతే. అదొక్కటే ఏ ఉత్తర్వూ మార్చలేదు."

పాఠాలు బాగానే ఉన్నాయి. వరద అంటే ఏమిటి, వరదలెన్ని రకాలు, స్వచ్ఛంద సేవకుని పదహారు లక్షణాలు. గోదావరి ఫొటో ఒకటి గోడకి తగిలించారు. కిటికీలోంచి చూస్తే గోదావరే కనిపిస్తుంది గాని, పాఠం జరుగుతున్నప్పుడు కిటికీలోంచి చూడకూడదు.

ఒక ఆదివారం సెలవు చూసుకుని తాతబ్బాయి ఏరు దాటించే పంటెక్కి గవ్వలంక వెళ్ళాడు. అక్క అప్పాయమ్మ గేదెకి కుడితి పెడుతోంది. డెబ్బై దాటింది. మోకాలు మడత పడదు, నాలుక మాత్రం బాగా తిరుగుతుంది.

"రావయ్యా, రా. ముసలితనంలో పలక పట్టావంట గదా. ఏ వరసలో కూకోబెట్టారు?"

"ఎగతాళి మాను అక్కా. ఈసారి నీళ్ళు పైకొచ్చేదాకా ఉండకు. ఇప్పుడే వచ్చెయ్ మా ఇంటికి."

"గేదెనొదిలేసా? చూల్తో ఉంది." ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "ఏటా వత్తావు గదా. ఈ ఏడేమొచ్చింది?"

తాతబ్బాయి చెప్పాడు. పరీక్ష ప్యాసవ్వందే నావ ముట్టుకోకూడదని, చొక్కాలవాళ్ళు వస్తారని.

అప్పాయమ్మ తన మోకాలి మీద చరుచుకుంది. "ఒరే, ఈ కాలుతో నావెక్కాలంటే నా చెయ్యెక్కడ పట్టాలో, ఎప్పుడు లాగాలో నీకు తెలుసు. పోయినేడు మీ రేవు కిట్టిగాడు పట్టుకుంటే నీళ్ళలో పడ్డాను. నువ్వు రాకపోతే నేనెక్కను. ఇక్కడే ఉంటాను. ఆ తల్లి తీసుకెల్తే తీసుకెల్తది."

"అలాంటి మాటలనకు."

"అయితే త్వరగా ప్యాసవ్వు" అందామె. "పరీక్షెప్పుడు?"

"శ్రావణ శుక్రవారం."

"గోదారికి చెప్పి ఎల్లు, ఆరోజు రావద్దని."

*

గోదావరికి ఎవరూ చెప్పలేదు. శ్రావణ శుక్రవారం పొద్దున్న ఆనకట్ట దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. ఏడు గంటలకి పంటు ఆపేశారు. ఎనిమిదింటికి కమలాకరం గారు ప్రత్యేకాధికారికి ఫోను చేసి పరీక్ష వాయిదా వెయ్యమని బతిమాలాడు.

"వరద కారణంగా వరద పరీక్షను వాయిదా వేయుటయా?" అన్నారు సుదర్శనరావు గారు. "మాస్టారూ, నలుగురు నవ్వుతారు. దళం రేవులో ఉంది. మీరు పరీక్ష సంగతి చూడండి."

తొమ్మిదిన్నరకి ప్రశ్నపత్రం ఇచ్చారు. పన్నెండున్నర దాకా ఎవరూ గది దాటకూడదు. మధ్యలో వెళ్ళిపోయినవాడు ఫెయిలు, వాడికి జీవితాంతం నావ ముట్టే అర్హత ఉండదు. 'ఎవరేని అభ్యర్థి మూత్రవిసర్జన నిమిత్తము వెళ్ళగోరినచో ఐదు నిమిషములకు మించకుండ అనుమతించవచ్చును' అని కింద చిన్న అక్షరాల్లో ఉంది.

మొదటి ప్రశ్న: 'వరద వచ్చినప్పుడు మీరు ఏమి చేయుదురు? ఐదు వాక్యములలో వ్రాయుడు.'

తాతబ్బాయి మూడో తరగతి చేతిరాతతో కూడబలుక్కుంటూ రాశాడు: 'నావ తీసుకుని వెళతాను.'

తరవాత ఏం రాయాలో తోచలేదు. కిటికీలోంచి చూశాడు. నీళ్ళు ఎర్రగా, సుడులు తిరుగుతూ, రేవు మెట్లు దాటి వస్తున్నాయి. అవతల గవ్వలంక కొబ్బరిచెట్ల మొదళ్ళు కనిపించడం లేదు.

"మాస్టారూ" అన్నాడు మెల్లగా. "ఒక వాక్యం రాశానండి."

"ఐదు రాయాలయ్యా."

"ఒక్క పనికి ఐదు వాక్యాలెందుకండీ?"

కమలాకరం గారి దగ్గర జవాబుల కాగితం ఉంది. అందులో సరైన జవాబు ఇలా ఉంది: ముందుగా సంసిద్ధతా పత్రము నింపుదును. పై అధికారుల ఆదేశములకై వేచియుందును. బృందముతో సమన్వయము చేసుకొందును. బాధితుల వివరములు సేకరించెదను. తదుపరి తగు చర్యలు తీసుకొందును. ఆయన ఆ కాగితం వైపు చూశాడు, తాతబ్బాయి వైపు చూశాడు, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు గాలి ఇటు తిరిగింది. లంక మీంచి కేకలు వినిపించాయి. ఎవరో ఇత్తడి పళ్ళెం కొడుతున్నారు. నీళ్ళు ఇళ్ళలోకొస్తే లంకవాళ్ళు అలా కొడతారు. గదిలో పదకొండు కలాలూ ఆగిపోయాయి.

"రేవులో నావ కదిలిందేమో చూడండి మాస్టారూ" అన్నాడు కిట్టిగాడు. యాభై ఏళ్ళొచ్చినా రేవులో అతను కిట్టిగాడే.

కమలాకరం గారు కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కిటికీలోంచి చూడకూడదన్న నిబంధన పరీక్షాధికారికి లేదు. రేవులో నారింజరంగు చొక్కాలు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక నావ గొలుసు విప్పారు. అది ముక్కు ఎగువకి, తోక దిగువకి, మళ్ళీ తోక ఎగువకి తిరుగుతూ ఉన్నచోటే ప్రదక్షిణం చేస్తోంది.

"కదిలింది" అన్నాడాయన. "కాని వెళ్ళడం లేదు."

తాతబ్బాయి కళ్ళు మూసుకున్నాడు. అమ్మా గోదావరీ, నేను ప్యాసైతే ప్రతి ఏడూ వెళ్ళొచ్చు, ఇప్పుడు లేస్తే ఇంకెప్పుడూ వెళ్ళలేను. లేవకపోతే అక్క నావెక్కదు. నువ్వే చెప్పు. పళ్ళెం చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

అతను కళ్ళు తెరిచి, కుడిచెయ్యి పైకెత్తి, చిటికెనవేలు చూపించాడు.

కమలాకరం గారికి ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన మొహంలో ఉద్యోగం, పెన్షను, ఇద్దరు పిల్లల చదువులు ఒకదాని వెనక ఒకటి కదిలాయి.

"ఐదు నిమిషాలు. అంతకు మించితే ఒప్పుకోను" అని తలూపాడు.

తాతబ్బాయి తలుపు దాటాడో లేదో వెనక బల్లలోంచి కిట్టిగాడి చిటికెనవేలు లేచింది. ఆ పక్కన ఇంకొకటి. నెరిసిన తలల మధ్య వరసగా చిటికెనవేళ్ళు లేచాయి.

"అందరికీ ఒకేసారేంటయ్యా?" అన్నాడు కమలాకరం గారు.

"నీళ్ళు చూత్తే వచ్చేసిందండి" అన్నాడు ఒకడు.

ఆయన ఇంకో పదిసార్లు తలూపి, గడియారం తీసి బోర్లించి బల్లమీద పెట్టాడు.

రేవులో తాతబ్బాయి నావ ముందుభాగాన భాస్కరం గారు నిలబడి ఉన్నాడు. చొక్కా మీద ఎమ్మెస్సీ అని రాసి ఉంది. మొహం పాలిపోయి ఉంది. గెడ చేతిలో ఉంది గాని, దాన్ని పట్టుకున్నాడో, దాన్ని పట్టుకుని తాను నిలబడ్డాడో చెప్పడం కష్టం.

"ఇలాగివ్వండి బాబూ" అన్నాడు తాతబ్బాయి.

"అర్హత లేనివాళ్ళకి ఇవ్వకూడదు తాతబ్బాయీ..." అని, భాస్కరం గారు గబుక్కున గెడ అతని చేతిలో పెట్టేశాడు. "నాకు ఈత రాదు. సంసిద్ధుణ్ణని రాసినప్పుడు మనస్ఫూర్తిగానే రాశాను. ఒట్టు. ఇక్కడికొచ్చాక కాళ్ళు కదల్లేదు. నేను దిగిపోతాను."

"దిగకండి. మీరు మనస్ఫూర్తిగా రాశారు గదా, అది మంచిదే. మధ్యలో కూకోండి. పిల్లల్ని అందిత్తుంటే పుచ్చుకుందురుగాని."

దళంవాళ్ళు మిగతా గొలుసులూ విప్పేశారు. పదకొండు నావలూ ఏటికి అడ్డంపడి వెళ్ళాయి. తాతబ్బాయి అక్క ఇంటి అరుగుకి నావ ఆనించేసరికి అప్పాయమ్మ మోకాలిలోతు నీళ్ళలో గేదె పలుపు పట్టుకుని నిలబడి ఉంది.

"ప్యాసయ్యావా?"

"ఒంటేలుకి వచ్చానక్కా. త్వరగా ఎక్కు."

అతను ఆమె మోచేతి పైన పట్టుకుని, కెరటం లేచినప్పుడు లాగాడు. ఆమె నావలో పడి, సర్దుకుని, భాస్కరం గారి వంక చూసింది.

"ఈ బాబెవరు?"

"ఎమ్మెస్సీ అండి" అన్నాడు భాస్కరం గారు సిగ్గుపడుతూ.

"అయితే ఈ గేదె తాడు పట్టుకో నాయనా. వదలమాక."

ఆయన వదల్లేదు. గేదె నావ పక్కన ఈదుతున్నంతసేపూ రెండు చేతులా పట్టుకున్నాడు. ఆరోజు నాలుగుసార్లు నావ అటూ ఇటూ తిరిగింది. నాలుగుసార్లూ ఆయన ఉన్నాడు. చంటిపిల్లల్ని అందుకున్నాడు, ముసలాళ్ళని కూర్చోబెట్టాడు. సాయంత్రానికి అరచేతుల్లో చర్మం లేదు. చొక్కా ఎక్కడో విప్పి ఒక పసిదానికి కప్పాడు.

లంకంతా హైస్కూలుకే చేరింది. తొమ్మిదో తరగతి గదిలో బల్లల మీద ఐదు వాక్యాల కాగితాలు అలాగే ఉన్నాయి. రామాలయం వెనక అర్హుల వంటశాలలో అన్నం అడుగంటి, పైన పలుకుగా ఉంది. సుభద్రమ్మ ఎవరినీ అడక్కుండా ఇంటికెళ్ళి, దేవుడి గూట్లోంచి గరిటె తెచ్చి మళ్ళీ ఎసరు పెట్టింది.

*

తరవాత విచారణ జరిగింది. కమలాకరం గారికి మెమో వచ్చింది: 'పదకొండుగురు అభ్యర్థులు మూత్రవిసర్జన నిమిత్తము వెడలి, తిరిగి వచ్చుటకు ఆరు గంటల ఇరవై నిమిషములు పట్టుటకు గల కారణములను మూడు దినములలోగా తెలుపవలసినది.'

ఆయన ఒక్క మాటలో జవాబు రాశాడు: 'వర్షాకాలమగుటచేత.'

సుదర్శనరావు గారు కొన్నాళ్ళు తీవ్రంగా ఆలోచించారు. అధ్యయనం వాళ్ళు మళ్ళీ వచ్చి లెక్క తీశారు. విద్యాబోధనకి ముందు రేవు సంసిద్ధత సున్నా. బోధన తరవాత వాళ్ళు ఒడ్డుకి చేర్చింది నూట తొంభై ఇద్దరిని. మధ్యలో జరిగింది ఇరవై ఒక్క రోజుల చదువు ఒక్కటే. కాబట్టి చదువు సంసిద్ధతను పెంచునని నిస్సందేహంగా రుజువైంది. ప్రత్యేకాధికారి గారికి సన్మానం జరిగింది. విద్యాలయాన్ని నదీతీరంలోని ఊళ్ళన్నిటికీ విస్తరించారు.

సన్మానానికి తాతబ్బాయిని కూడా పిలిచారు. అతని పరీక్ష మాత్రం పోయింది. ఐదు వాక్యాల్లో ఒకటే రాశాడు, అదీ జవాబుల కాగితంలో లేదు. అయినా మానవతాదృక్పథంతో మిగతా పదిమందితో పాటు అతనికీ 'తాత్కాలిక సంసిద్ధుడు' అని ప్లాస్టిక్ పూత పూసిన కార్డు ఒకటి ఇచ్చి, నావ ముట్టేటప్పుడల్లా మెడలో వేసుకోవాలని, లేకపోతే నావ జప్తు అవుతుందని చెప్పారు. సభలో ట్యాబు మనిషి పాత ప్రశ్నే మళ్ళీ అడిగాడు. తాతబ్బాయికి ఇప్పుడు జవాబు తెలుసు.

"పూర్తిగా సంసిద్ధుణ్ణండి" అన్నాడు.

ఇంటికి తెచ్చిన కార్డుకి సుభద్రమ్మ కుంకుమబొట్టు పెట్టి, దేవుడి గూట్లో రాముడి పటం పక్కన ఆనించింది.

మరుసటి ఏడు వరద ముందే వచ్చింది. మధ్యాహ్నం ఇత్తడి పళ్ళెం చప్పుడు వినగానే తాతబ్బాయి అన్నం ముందునుంచి లేచి, చెయ్యి కడుక్కోకుండా రేవుకి పరిగెత్తాడు. తాడు విప్పాడు. గెడ అందుకోబోయి ఆగాడు. చెయ్యి మెడమీదికి పోయింది. మెడలో కార్డు లేదు.

యాభై ఏళ్ళలో ఎన్నడూ అతను రేవులో నిలబడి ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించాడు. కార్డు లేకుండా వెళ్తే తప్పా? జప్తు చేస్తే పై ఏడాది ఎలా? ముందు పత్రం నింపాలా? తాడు మళ్ళీ కట్టి, వెనక్కి ఇంటికి నడిచాడు. తడిసిన కాళ్ళతో దేవుడి గూటి ముందు నిలబడి, "ఆ కార్డిలా అందియ్యి, ఎంగిలి చేత్తో ముట్టుకుంటే మైలపడుద్ది" అన్నాడు. సుభద్రమ్మ మడిబట్ట కట్టుకుని, దణ్ణం పెట్టి తీసిచ్చింది. మెడలో వేసుకుని మళ్ళీ రేవుకి వెళ్ళాడు.

అతను అరుగు దగ్గరికి చేరేసరికి అప్పాయమ్మ నడుంలోతు నీళ్ళలో, గేదె మెడ కావలించుకుని, దూడ తాడు భుజానికి చుట్టుకుని ఉంది. పెదాలు నల్లబడి ఉన్నాయి. అతను మోచేతి పైన పట్టుకుని, కెరటం కోసం చూసి లాగాడు. ఆమె నావలో పడి, చాలాసేపు ఊపిరి తీసుకుంది.

"ఏరా" అంది చివరికి. "ఏటా మోకాలు దాటకముందే వచ్చేవోడివి. ఈసారింత ఆలీసమైందేం?"

తాతబ్బాయి తల ఎత్తలేదు. "చదువుకున్నాను గదక్కా" అన్నాడు.

ఆమె అతని మెడలో వేలాడుతున్న కార్డు వంక చూసింది. చదవడం రాదు. బొట్టు మాత్రం గుర్తుపట్టింది.

"ఎంతదాకా చదివావు?"

"మూడో తరగతి మీద ఇరవై ఒక్క రోజులు."

"అంతటితో ఆపెయ్యరా నాయనా" అంది అప్పాయమ్మ, కొంగు పిండుకుంటూ. "ఇంకొక్క తరగతి చదివావంటే నేను మునిగిపోతాను."